స్ట్రాటిస్ ఎటు పరిగెత్తాడు

ప్రినోలాక్కో, క్రీట్ దీవి
1952 జనవరి 27, ఆదివారం

మిరోన్‌కు,

నీ క్షేమం అడగడానికి రాయించడం లేదు. పైరేయస్‌లో బతికే ఉన్నావని, మోకాళ్ళు పట్టేశాయని మేకల వ్యాపారి నిరుడు ఓడ దిగి చెప్పాడు. నాకది చాలు. రాస్తున్నది మంత్రసాని అథూసా, మాటలు నావి. ఒక్క మాట మెత్తబరిచినా ఊరుకోనని దానికి ముందే చెప్పాను. అంతా తిరిగి చదివించుకున్నాకే వేలిముద్ర వేస్తాను.

పన్నెండేళ్ళుగా నీకు ఉత్తరం రాయించలేదు. ఇప్పుడూ రాయించకపోదును, పని పడింది.

ఊరి కింది మలుపులో రాయి నిలబెడుతున్నారు. నలభై ఒకటిలో జర్మన్లు గొడుగులకు వేలాడుతూ ఆకాశంలోంచి దిగిన రోజున వాళ్ళకు ఎదురెళ్ళి చచ్చిపోయినవాళ్ళ పేర్లు దానిమీద చెక్కిస్తారట. మే ఇరవైన బిషప్పు వచ్చి ముసుగు తీస్తాడు. జాబితా కాఫీ దుకాణం తలుపుకు అంటించారు. అథూసా చదివింది. మళ్ళీ చదవమన్నాను. పద్నాలుగు పేర్లున్నాయి, మీ బావ స్ట్రాటిస్ పేరు లేదు.

సంఘం పెద్ద కనాకిస్ దగ్గరికి వెళ్ళాను. అతను మర్యాదగానే కూర్చోబెట్టాడు, నేనే కూర్చోలేదు. "ఎర్గినా వదినా, ఆ రాయి ముందుకెళ్ళినవాళ్ళకి. స్ట్రాటిస్ అన్న వెనక్కి పరిగెత్తాడు. ఈ కళ్ళతో చూశాను. మా నాన్న డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో గొడ్డలి పట్టుకుని కిందికెళ్ళాడు. ఆయన పక్కన ఆ పేరు ఎలా చెక్కించమంటావు?" అన్నాడు.

నేనూ చూశాను. ఆ మంగళవారం పొద్దున్నే రొట్టెలు కాలుస్తున్నాను. విమానాల మోతకి పెరట్లో కోళ్ళు చచ్చినట్టు పడిపోయాయి. మన కుర్రాళ్ళంతా అల్బేనియా యుద్ధానికి వెళ్ళి అక్కడే చిక్కుబడ్డారు కదా, ఊళ్ళో ఉన్నది ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ. చేతికేది దొరికితే అది పట్టుకుని ఆలివ్ తోటల్లోకి దిగారు. నేను పొయ్యిలో రొట్టెలు తోసే కర్రపార పట్టుకుని దిగాను. చెట్టుకు చిక్కుకుని తాళ్ళు కోసుకుంటున్నవాణ్ణి ఆ పారతో కొట్టాను. గొప్పకు చెప్పడం లేదు, బాధపడీ చెప్పడం లేదు. కొట్టి తల తిప్పితే, మీ బావ ద్రాక్షతోట వదిలి కొండమీదికి పరిగెడుతున్నాడు. పిలిచాను. తిరిగి చూడలేదు.

ఎందుకు పరిగెత్తాడో నేను చెబుతాను, రాసుకో. ఆయన చేతిలో తుపాకి లేదు. ఒకప్పుడు ఉండేది, ఆ తుపాకితోనే ఆయన తాత తురుష్కుల మీద యుద్ధం చేశాడు. దేవుడి పటాల పక్కన మేకుకు వేలాడేది. ముప్పై ఎనిమిదిలో కన్యా పట్టణంలో తిరుగుబాటు జరిగాక నువ్వు పోలీసు సార్జెంటు దుస్తుల్లో తుపాకులు పోగుచేసుకోవడానికి వచ్చావు. నా బల్ల దగ్గర కూర్చుని నత్తల కూర తిని, గిన్నె రొట్టెతో తుడుచుకుని, "అక్కా, బావ ఇవ్వడు, నువ్వివ్వు. లేకపోతే ఆయన్ని పట్టుకెళ్ళి ఏ దీవిలోనో పారేస్తారు" అని ఏడ్చావు. నా చేతులతో నేనే కంబళిలో చుట్టి ఇచ్చాను. ఆయన పొలం నుంచి వచ్చి ఖాళీ మేకు చూశాడు. నలభై రోజులు నా చేతి రొట్టె ముట్టుకోలేదు.

ఇదే నా వాదన. తుపాకి ఉన్నవాణ్ణి నిరాయుధుణ్ణి చేసి, పారిపోయాడని పేరు కొట్టేయడం న్యాయం కాదు. తుపాకి నువ్వే పట్టుకుపోయావని సంఘానికి సంతకం పెట్టి రాయి. అంతకుమించి నీ నుంచి నాకేమీ వద్దు.

ఎర్గినా వేలిముద్ర


పైరేయస్
1952 ఫిబ్రవరి 9

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఎన్నేళ్ళకో వచ్చిందని కవరు విప్పకుండా కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. విప్పాక, విప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఆయుధాల స్వాధీనం నా నిర్ణయం కాదు. పైనుంచి వచ్చిన ఉత్తర్వు. ప్రతి ఊళ్ళోనూ అదే జరిగింది. ఇవ్వనివాళ్ళకు ఏం గతి పట్టిందో నీకూ తెలుసు. ఆ రోజు నేను ఏడ్చింది నటన కాదు.

సంఘానికి రాయమన్నావు. నలభైలో నన్ను ఇటు బదిలీ చేశారు, ఆ తర్వాత ఊళ్ళో అడుగు పెట్టలేదు. ఊరి తుపాకులు ఊడ్చుకుపోయిన సార్జెంటు మాటకు కనాకిస్ విలువిస్తాడా? నా సంతకం వల్ల బావకు మేలు కంటే కీడే ఎక్కువ. ఇక్కడ నాకు తెలిసిన శిల్పి ఒకడున్నాడు. బావ సమాధికి వేరే పాలరాయి చేయిస్తాను. తెల్లటిది, అక్షరాలకు బంగారు పూత. ఓడలో పంపిస్తాను.

పోయినవాళ్ళను కదిలించకపోవడమే మంచిదక్కా. నువ్వు ఒంటరిగా ఉండి ఇవన్నీ మనసులోకి తెచ్చుకుంటున్నావు. కొన్నాళ్ళు ఇక్కడికి రా. గది చిన్నదే కానీ సముద్రం కనిపిస్తుంది. నా బంగారు మేనకోడలు కల్లిరోయికి ముద్దులు. నా చేతులతో బాప్తిస్మం నూనె రాసిన పిల్లకు అప్పుడే ముగ్గురు పిల్లలంటే నమ్మలేకుండా ఉన్నాను.

నీ తమ్ముడు
మిరోన్


ప్రినోలాక్కో
1952 ఫిబ్రవరి 24

మిరోన్,

పాలరాయి పంపిస్తే ఓడరేవులోనే పగలగొట్టిస్తాను. బంగారు పూత అక్షరాలట. సమాధి మీద పేరు దొంగకూ చెక్కుతారు. నేనడిగింది ఊరి రాయి మీద, వాళ్ళందరి పక్కన. నువ్వేమో సముద్రం కనిపించే గది చూపిస్తున్నావు. నా వాకిట్లోంచి సముద్రం కనిపించదనుకున్నావా?

నేను ఒంటరిగా ఉండి మనసులోకి తెచ్చుకుంటున్నానా? విను, ఏం తెచ్చుకుంటున్నానో చెబుతాను. ఇది కల్లిరోయికి కూడా తెలియదు. రాస్తూ రాస్తూ అథూసా కలం ఆపింది. రాయవే అన్నాను.

మీ బావ మర్నాడు మధ్యాహ్నం దొరికాడు. ఎలియా ప్రవక్త గుడి వెనక పాత సున్నపు బట్టీ ఉంది కదా, ఆ గుంటలో. కొండమీద దిగిన జర్మన్లు వీపులో కాల్చారు. బోర్లా పడి ఉన్నాడు. కింద మోకాలి లోతు గొయ్యి. రెండు చేతులూ మోచేతిదాకా మట్టి. గోళ్ళు విరిగిపోయి ఉన్నాయి. దాక్కోవడానికి కుందేలులా గొయ్యి తవ్వుకున్నాడన్నారు. నా ఎదురుగా అనలేదు, నాకు వినపడేలా అన్నారు.

చావుకు వచ్చినవాళ్ళు ఆ చేతులు చూస్తారని, ఎవరూ రాకముందే నేను వైన్‌తో కడిగాను. గోళ్ళ కింది మట్టి సూదితో తీశాను. అది ప్రేమ కాదు, సిగ్గు. నా మొగుడు పిరికివాడని నేనూ నమ్మాను. అందుకే శోకం పాడలేదు. ఊళ్ళో ఎవరు పోయినా శోకానికి నన్ను పిలుస్తారు, కనాకిస్ తండ్రికి నేనే పాడాను. నా మొగుడి దగ్గర నోరు మూసుకుని కూర్చున్నాను. మూడేళ్ళకు, అందరికీ చేసినట్టే, ఎముకలు తీసి కడిగి పెట్టెలో పెట్టేటప్పుడు కూడా ఒక్క పదం అనలేదు.

ఈ జనవరిలో ఆ జాబితా విన్నప్పుడు మొదటిసారి అనిపించింది, పిరికివాడైతే మాత్రం, ఎవరు చేశారు ఆయన్నలా అని. నువ్వు. నువ్వడిగితే నేను. ఇద్దరిలో ఒకరైనా ఆ మాట ఒప్పుకోవాలి. నేను ఒప్పుకున్నాను. నీ వంతు.

మోకాళ్ళకి ఆవాలు నూరి కట్టుకో. ఆ మాట అథూసా రాస్తోంది, నేను కాదు.

ఎర్గినా


పైరేయస్
1952 మార్చి 8

అక్కా,

ఆ చేతుల సంగతి చదివి రెండు రోజులు పడుకున్నాను. సున్నపు బట్టీ దగ్గర పోయాడని నాకెవరూ చెప్పలేదు. కొండమీద పోయాడని మాత్రమే విన్నాను. తెలిసి ఉంటే ముందే రాసేవాణ్ణి, నమ్ము.

బావ దాక్కోవడానికి తవ్వలేదు. ఆయన తుపాకుల కోసం తవ్వాడు.

నేను స్వాధీనం చేసుకున్నవన్నీ పైకి పంపలేదు. చెడిపోయినవి పంపి, మంచివి తొమ్మిది ఆపాను. మన గ్రామం రేపెప్పుడైనా ఒట్టి చేతులతో నిలబడకూడదనే ఆపాను. నూనె రాసిన గోనెల్లో చుట్టి, బట్టీ నేలలో తూర్పు గోడ పక్కన పాతిపెట్టాను. బావ తుపాకి వాటిలో ఉంది. నాకేమైనా అయితే ఒకరికైనా తెలియాలని బావకు చెప్పాను. కల్లిరోయి బాప్తిస్మం నూనె మీద ఒట్టు పెట్టించాను. ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకూడదు, అక్కకు కూడా చెప్పకూడదు అని. తెలిస్తే నా ఉద్యోగం కాదు, తలే పోయేది.

ఆయన ఒట్టు తప్పలేదు. అందుకే నువ్వు పిలిచినా ఆగలేదు. అందుకే తోడుకి ఎవరినీ పిలవలేదు.

కనాకిస్‌కు ఈ ఉత్తరం చూపించు.

మిరోన్


ప్రినోలాక్కో
1952 మార్చి 30

మిరోన్,

నీ ఉత్తరం చదివించుకున్న రోజు నేను నడవలేదు, ఎగిరాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుందనుకోలేదు. తర్వాత కోపం వచ్చింది. భార్యకు కూడా చెప్పొద్దని ఒట్టు పెట్టించావు. ఆ మనిషి "తుపాకులున్నాయి, రండి" అని ఒక్క కేక వేసి ఉంటే ఆరుగురు వెంట పరిగెత్తేవాళ్ళు. బిడ్డ తల మీద రాసిన నూనె మీద ఒట్టు పెట్టించుకుని ఆయన నోటికి తాళం వేశావు. సరే, అదంతా తర్వాత తేల్చుకోవచ్చు, ముందు తుపాకులు తీద్దామనుకున్నాను. కాగితం చూపిస్తే కనాకిస్ కాగితం చూస్తాడు, తొమ్మిది తుపాకులు బల్లమీద పరిస్తే టోపీ తీస్తాడు.

పోయినవి కనిపెట్టించే దేవుడు సెయింట్ ఫనూరియోస్‌కు రొట్టె చేశాను. ఉపవాసాల రోజులని గుడ్డు లేకుండా, లెక్క ప్రకారం తొమ్మిది దినుసులతో. గుళ్ళో దీవెన పొంది, ముక్కలు చేసి ఏడుగురు ఆడవాళ్ళకు పంచి, పారలిచ్చి కొండెక్కించాను. కల్లిరోయి వచ్చింది, అథూసా వచ్చింది. తూర్పు గోడ పక్కన తవ్వాం. తర్వాత మూడు పక్కలా తవ్వాం. రెండు రోజులు, అడుగున రాయి తగిలేదాకా. మేక దవడ ఒకటి, పెంకు ముక్కలు, అంతే.

రెండో రోజు సాయంత్రం కనాకిస్ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. నవ్వలేదు. నవ్వితే బాగుండేది. "వదినా, మీ ఇంటివాళ్ళందరికీ ఈ గొయ్యి మీద ఇంత మోజేమిటి?" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. గొయ్యి ఖాళీగా ఉందంటే ఎవరో తీశారు. మీ బావ శవం చూసి అక్కడేముందో పసిగట్టినవాడు. శవాన్ని మోసుకొచ్చింది ఎవరు? కనాకిస్, అతని తమ్ముడు. యుద్ధమయ్యాక వాళ్ళింట్లో రెండు తుపాకులెక్కడివి? ఆదివారం గుళ్ళో అందరూ ఉండగా అడిగేశాను. "నా మొగుడి తుపాకి నీ ఇంట్లో ఉంది కనాకిస్. తెచ్చి పెట్టు. తర్వాత ఎవడు దొంగో, ఎవడు పిరికివాడో రాయి మీద రాయించు" అన్నాను. ఫాదర్ ప్రార్థన ఆపేశాడు.

ఇప్పుడు ఊరు రెండుగా ఉంది. కనాకిస్ కొడుకులు మా వీధిలోంచి నడవడం మానేశారు. అల్లుడు కత్తి నూరించుకుని నడుముకు పెట్టుకుని తిరుగుతున్నాడు. వాళ్ళూ అతనూ ఎదురుపడకుండా కల్లిరోయి మొగుడి ముందు తను నడుస్తోంది. నువ్వెరుగుదువు మన దగ్గర ఇలాంటివి ఎక్కడిదాకా వెళతాయో. వెళ్ళనీ. నేను తగ్గను. నువ్వు చేయాల్సిందల్లా ఒకటే, ఆ తొమ్మిది తుపాకుల గుర్తులు, నంబర్లు ఉంటే నంబర్లు రాసి పంపు. వాళ్ళిల్లు సోదా చేయిస్తాను.

ఎర్గినా వేలిముద్ర. గట్టిగా వేశాను, కాగితం చిరిగితే చిరిగిందని.


పైరేయస్
1952 ఏప్రిల్ 7
అత్యవసరం

అక్కా,

ఈ ఉత్తరం అందిన వెంటనే అల్లుడి నడుము నుంచి కత్తి తీయించు. కనాకిస్ దొంగ కాదు. అక్కడ తుపాకుల్లేవు. ఆ రోజు కూడా లేవు.

ముప్పై తొమ్మిది డిసెంబరులో కన్యా నుంచి తనిఖీకి అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. ఎవరో ఉప్పందించారు, తొమ్మిది తక్కువున్నాయని. తెల్లారేలోగా బట్టీ తవ్వి, గాడిద మీద వేసుకుని తీసుకెళ్ళి, ఎక్కడో దొరికాయని చెప్పి నేనే అప్పగించాను. మెచ్చుకుని భుజానికి ఇంకో హోదా పట్టీ ఇచ్చారు. ఆ పట్టీతోనే బదిలీ అయ్యాను.

బావకు చెప్పలేదు. చెబుదామని మూడుసార్లు మీ ఇంటికి వచ్చాను. మూడోసారి ఆయన నా భుజం మీద పట్టీ చూసి, నవ్వి, "మంచి పని చేశావురా, ఊరికి దిక్కైనవాడివి" అన్నాడు. ఆయన అంటున్నది పాతిపెట్టిన తుపాకుల గురించి. నేను మీ రాకీ సారా తాగి లేచి వచ్చేశాను. ఎప్పటికైనా ఆ గొయ్యితో పని పడుతుందని అనుకోలేదు.

బట్టీ దగ్గర పోయాడని నువ్వు రాసేదాకా నాకు తెలియదన్నాను. అదొక్కటి నిజం. పోయిన ఉత్తరంలో మిగతాది దాచాను. సగం చెబితే ఆయన పేరు నిలబడుతుంది, నా పేరు పోదు అనుకున్నాను. నువ్వు పారలు పట్టుకుని కొండెక్కుతావని తెలియలేదు. నిన్ను మరిచిపోయానన్నమాట.

దీంతో పాటు వేరే కాగితం జతపరుస్తున్నాను. సంఘానికి. అంతా ఉంది, తారీకులతో, నా పూర్తి పేరుతో, హోదాతో. కాఫీ దుకాణంలో చదివించు.

మే ఇరవైకి రావచ్చా అని అడగడానికి నాకు నోరు లేదు. అయినా అడుగుతున్నాను.

మిరోన్


ప్రినోలాక్కో
1952 మే 4

మిరోన్,

నీ కాగితం పెద్ద పండగ ముందు వచ్చింది. పండగ అయ్యేదాకా జవాబివ్వనన్నాను. ఆ కోపంతో రాయిస్తే అథూసా పాపంలో భాగం పంచుకోవాల్సి వచ్చేది. ఇప్పుడూ అది రెండు చోట్ల కలం ఆపి శిలువ గీసుకుంది.

ముందు నీకు తెలియాల్సినవి. కత్తి తీయించాను. కాఫీ దుకాణంలోకి ఆడవాళ్ళు వెళ్ళరు, నేను వెళ్ళాను. అథూసాను బల్ల పక్కన నిలబెట్టి నీ కాగితం మొదటినుంచి చివరిదాకా చదివించాను. పేకాటలు ఆగాయి. అంతా అయ్యాక కనాకిస్‌తో అన్నాను: "గుళ్ళో నిన్ను దొంగన్నాను. గుళ్ళోనే తప్పని చెబుతాను. అన్నంత గట్టిగానే చెబుతాను." మరుసటి ఆదివారం చెప్పాను. నా జీవితంలో అంత చేదు మింగలేదు. అది కూడా నీ ఖాతాలోదే.

కనాకిస్ ఆ రోజు దుకాణంలోనే లేచి నిలబడ్డాడు. "శవాన్ని మోసింది నేనే వదినా. ఆ గొయ్యి చూశాను. ఆ గొయ్యిలో మనిషి పడుకోవడానికి చోటే లేదు. చూసి కూడా కుందేలన్నాను" అన్నాడు. టోపీ తీశాడు. తుపాకుల్లేకుండానే తీశాడు.

పేరు చెక్కుతున్నారు. పదిహేనోది. రాయి మీద చోటు లేదని, చిన్న అక్షరాలతో ఇరికిస్తానని శిల్పి అన్నాడు. మిగతావాటి అంత అక్షరాలే ఉండాలన్నాను. అంచు దిగి పక్కకు వెళ్ళినా సరేనన్నాను. నాకు చదువు రాదు కానీ కొలత వచ్చు. జానెడు పుల్లతో వెళ్ళి కొలిచి వచ్చాను.

ఇక నువ్వు. తుపాకులు పట్టుకెళ్ళినందుకు ఇన్నేళ్ళు నిన్ను తిట్టుకున్నాను. అది తప్పు కోపం. పట్టుకెళ్ళడం భయం, నేను దానికి తోడు పోయాను. నువ్వు చేసింది వేరు. ఒక మనిషికి ఖాళీ గొయ్యి అప్పజెప్పి, అది నిండుగా ఉందని నమ్మించి, ఆ నమ్మకం మీద ఒట్టు పెట్టించి, ఓడెక్కిపోయావు. నిన్ను ఊరికి దిక్కన్నాడు, నువ్వు రాకీ తాగావు. ఆయన గోళ్ళతో తవ్వాడు మిరోన్. మోకాలి లోతు. ఇంకొంచెం కింద ఉందేమో, ఇంకొంచెం కింద ఉందేమో అనుకుంటూ. వీపు వెనక గొడుగులు దిగుతుంటే ఒక్కసారి కూడా నిన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే లేచి కిందికి వచ్చేవాడు, ఏ కర్రో దొరికేది, మా మధ్య చచ్చేవాడు. నిన్ను నమ్మినందుకు ఆయన పిరికివాడయ్యాడు. నేను నమ్మనందుకు ఆయన శోకం లేకుండా మట్టిలోకి పోయాడు. ఈ రెండో దానికి నిన్ననను. అది నాది. నీ మీద కోపం ముసలిదైపోయింది. నా మీద నాకున్నది ఇంకా పచ్చిగా ఉంది.

మొన్న శనివారం ఎముకల గదికి వెళ్ళి ఆయన పెట్టె తెరిచాను. పదకొండేళ్ళ బాకీ శోకం పాడతానంటే నల్లబట్టల ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. నోరు తెరిచాను. ఆయన పేరు రాలేదు. నీ పేరు వచ్చింది. నిన్ను తిడుతూ మొదలుపెట్టాను, చరణం తర్వాత చరణం, అన్నీ ప్రాస కుదిరి మరీ. ఆపబోతే కనాకిస్ భార్య అంది, "పాడవే ఎర్గినా, తిట్టుతో మొదలైన శోకమూ శోకమే" అని. పాడాను. ఏ చరణం దగ్గరో నువ్వు అయిపోయావు, ఆయన మొదలయ్యాడు. గొంతు పోయింది. ఇప్పటికీ బొంగురుగానే ఉంది. అథూసా చెవి నా నోటి దగ్గర పెట్టుకుని రాస్తోంది.

రావచ్చా అని అడిగావు. రా.

మే ఇరవైన అందరి మధ్యా చేతులు కట్టుకుని నిలబడి, బిషప్పు వెనక దాక్కోవడానికి కాదు. ముందు రోజు రా, పగటి బస్సుకు. కింది మలుపులో దిగు. కాఫీ దుకాణంలో మగవాళ్ళు ఉంటారు, నేను చెప్పి ఉంచుతాను. కాగితంలో రాసింది వాళ్ళ ముందు నోటితో చెప్పు. కూర్చోకు, నిలబడి చెప్పు, మోకాళ్ళు నొప్పెట్టనీ. నిన్నెవరూ కొట్టరు. ఎవరూ ఏమీ అనరు. అదే కష్టం, తెలుస్తుంది నీకు.

అది అయ్యాక ఇంటికి వచ్చి తలుపు కొట్టు. తీస్తానని మాటివ్వను. లోపలే ఉంటాను. ఎంతసేపు కొడతావో వినాలని ఉంది.

మీ అక్క
ఎర్గినా, స్ట్రాటిస్ భార్య